సుగుణక్క పడవకు కిరాయిల్లు

ఒమన్ వెళ్ళి వచ్చినవాళ్ళు కోటల గురించీ, ఖర్జూరాల గురించీ, ఎడారిలో ఒంటె ఎక్కడం గురించీ చెబుతారు. నేను ఒంటె ఎక్కలేదు. కోటలను బండి అద్దంలోంచి చూశాను. నేను దిగి చూసినవన్నీ పడవలు కట్టేసుకునే చోట్లు. వాటిని మరీనా అంటారు. మీలో ఎవరికైనా సొంత పడవ ఉండి, దాన్ని మస్కట్ చుట్టుపక్కల ఎక్కడ పెట్టాలో తోచక ఇబ్బంది పడుతుంటే ఈ కథనం పనికి రావచ్చు. మిగతావాళ్ళు ఊరికే చదవండి.

పడవ మా సుగుణక్కది. అక్క, మల్లేశం బావ మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఉంటారు. బావ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో మేస్త్రీగా చేరి ఫోర్‌మన్ అయ్యాడు. అక్క కొన్నేళ్ళ తరువాత వెళ్ళి టైలరింగ్ దుకాణం పెట్టింది. దుకాణానికి లైసెన్సూ, అక్కకు వీసా ఇప్పించింది ఒక ఒమనీ ఆమె. ఆమె కొడుకులు పెద్ద పడవ కొనుక్కుని చిన్నదాన్ని అమ్మేస్తున్నారని తెలిసి అక్క కొనేసింది. ఇంట్లో చెప్పలేదు. బావ డ్యూటీ నుంచి వచ్చేసరికి వాకిలి ముందు రెండు చక్రాల ట్రాలీ మీద తెల్లటి పడవ ఉంది. అల్ అమెరాత్ కొండల నడుమ ఊరు. మేడ ఎక్కినా సముద్రం కనపడదు.

గొడవ పడవ గురించి కాదు. బావకు కంపెనీలో ఉద్యోగం అయిపోవచ్చింది. మెట్‌పల్లిలో ఇల్లు కట్టించి సున్నం కూడా వేయించాడు. ఎండాకాలానికల్లా సామాను సర్దుకుని శాశ్వతంగా ఇంటికి పోదామంటాడు. అక్క రానంటుంది. మరీనాలో చోటు తీసుకుంటే కనీసం ఏడాదికి తీసుకోవాలి. అంటే పడవకు చోటు దొరికితే అక్క ఉండిపోయినట్టు, దొరక్కపోతే పడవ అమ్మేసి ఇంటికి బయలుదేరినట్టు. ఇద్దరూ ఈ సంగతి తెలిసే పడవ గురించి మాట్లాడుకుంటున్నారు.

నన్ను ఇద్దరూ పిలిచారు. ముందు బావ ఫోన్ చేశాడు. "బామ్మర్ది, టికెట్ నేను తీస్త. నువ్వొచ్చి ఏ జాగ సూపిచ్చినా బాగలేదను. నీ మాటైతె మీ అక్క వింటది." మరునాడు అక్క చేసింది. "మీ బావ టికెట్ తీస్తుండట గదా, రారా శంకర్. జాగ సూసి బాగున్నదను. నీ మాటైతె ఆయన వింటడు."

నా మాటకు ఇంత విలువ ఎందుకంటే, కరీంనగర్ దగ్గర డ్యామ్ మీద బోటింగ్ నడిచే రోజుల్లో నేను టికెట్ కౌంటర్‌లో కూర్చునేవాణ్ణి. అప్పటినుంచి మా ఇంట్లో పడవల విషయం ఏదొచ్చినా నన్నే అడుగుతారు. టికెట్లు చింపి ఇవ్వడమే తప్ప నేను ఏనాడూ పడవ ఎక్కలేదు. నాకు నీళ్ళంటే భయం. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.

మస్కట్: దక్షిణ ముఖం

బావ పికప్ బండికి పడవను తగిలించుకుని బయలుదేరాం. చెప్పు కాలికి తొడిగి చూడకుండా ఎవరైనా కొంటారా అని అక్క వాదన. పడవ వెంట ఉంటే ఎక్కడ సరిపోతుందో అక్కడే దింపి చూడవచ్చు.

మస్కట్‌లో మేం చూసిన మరీనా పెళ్ళి మండపంలా ఉంది. తెల్లటి పడవలు వరసగా, ఒక్కొక్కటి మా మెట్‌పల్లి బస్సుకంటే పొడుగు. మాకు చోటు చూపించింది ఒక మలయాళీ సూపర్‌వైజర్. ఒమన్‌లో ఏ ఆఫీసు తలుపు తట్టినా లోపల ఒక మలయాళీ ఉంటాడని నాకు తరువాత అర్థమైంది. మన దగ్గర పంతులుగారు లేకుండా ఇల్లు మారనట్టు, అక్కడ మలయాళీ లేకుండా పని జరగదు.

బావ ఫోన్‌లో దిక్సూచి తెరిచాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి పెదవి విరిచాడు.

"దక్షిణం ముఖం. మనకు పడదు."

సూపర్‌వైజర్ ఏమిటని అడిగితే బావ హిందీలో ఓపిగ్గా వాస్తు వివరించాడు. ఆయన అంతకంటే ఓపిగ్గా విన్నాడు. "ఉల్టా లగావో సార్. నార్త్ హో జాయేగా" అన్నాడు. పడవను వెనక్కి తిప్పి కడితే ఉత్తర ముఖం అవుతుందట. ప్రపంచంలో వాస్తు దోషానికి ఇంత చవకైన పరిహారం నేను వినలేదు.

బావ ఓడిపోలేదు. నల్లా ఏ మూలన ఉందో చూశాడు. పక్క పడవలో పొద్దున పదింటికే గ్లాసులు పట్టుకుని కూర్చున్న తెల్లవాళ్ళ జంటను చూశాడు. వాళ్ళు మాకు చెయ్యి ఊపారు. బావ ఊపలేదు. "పక్కిల్లు మంచిగుండాలె గదా. పొద్దుగాల్నే తాగుతుండ్రు" అని నాకు చెప్పాడు. నేను నిపుణుడి మొహం పెట్టుకుని తల ఊపాను. ఆ తల ఊపడం ఔననీ కాదు, కాదనీ కాదు.

చివరికి కిరాయి ఎంతో విని అక్కే వద్దంది. ఆ డబ్బుకు మెట్‌పల్లిలో రెండు పోర్షన్లు, ముందు ఒక షట్టర్ వస్తాయి. బావ దారిపొడవునా ఈల వేశాడు. బండి ఆపి మాకు కరక్ చాయ్ తాగించాడు. పాలు చిక్కగా మరిగించి యాలకులు వేసిన టీ అది, కప్పు రెండు వందల బైసాలు, అంటే అక్కడి పైసలు. మన డబ్బులోకి మార్చి చూసుకుంటే గొంతు దిగదు కనుక నేను మార్చలేదు.

ఇంకో చోటు చూడటానికి సూర్ వెళ్ళాలి, ఇబ్రా మీదుగా పోయే ఆ దారి కొండల్లో ఉంటుంది. ఆ దారిలోనే ఈల ఆగిపోయింది.

"ఇంటికి పోతే నీకేం తక్కువనే?" అని బావ మొదలుపెట్టాడు.

"ఈడ నేను సుగుణ టైలర్‌ని" అంది అక్క. "నాలుగు సందులవతల నుంచి నన్ను అడుక్కుంట వస్తరు. ఆడికి పోతే మల్లేశం పెండ్లాన్ని. పొద్దుగాల వాకిలూడ్సుడు, పొద్దుమూకినంక అరుగు మీద కూసుండుడు. ఎందుకు పోవాలె?"

"మరి ఇల్లు కట్టింది ఎవలకోసం?"

"నన్నడిగి కట్టినవా?"

"నువ్వు నన్నడిగి పడవ కొన్నవా?"

నేను ఇద్దరి మధ్యలో కూర్చున్నాను. గేరు మార్చినప్పుడల్లా మోకాలు పక్కకు జరుపుతూ కొండలు చూశాను. కొండల మీద ఒక్క చెట్టు లేదు.

ఇబ్రా: మగవాళ్ళకు ప్రవేశం లేదు

ఇబ్రాలో సముద్రం లేదు, మరీనా అసలే లేదు. ఆ రాత్రి అక్కడ ఆగింది అక్క కోసం. మరునాడు బుధవారం, బుధవారం పొద్దున అక్కడ ఆడవాళ్ళ అంగడి జరుగుతుంది. అమ్మేదీ ఆడవాళ్ళే, కొనేదీ ఆడవాళ్ళే. మగవాళ్ళు లోపలికి పోకూడదు. మన దగ్గర బస్సులో ఆడవాళ్ళ సీటు అని రాసి ఉన్నా మగవాడు దర్జాగా కూర్చుంటాడు. ఇక్కడ అంత పెద్ద అంగడిలో ఒక్క మగపురుగు కనపడలేదు, కాపలా కూడా లేదు. అక్క సంచులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేనూ బావా పడవ పక్కన నిలబడ్డాం.

సముద్రానికి అంత దూరంలో పడవ చూసి జనం ఆగారు. ఒక ముసలాయన లోపలికి తొంగి చూసి "సమక్? సమక్?" అని అడిగాడు. చేపలు అమ్ముతున్నామేమోనని. లేవన్నాం. లేకపోతే ఎందుకు నిలబడ్డారన్నట్టు చూసి వెళ్ళిపోయాడు. ఆయన తరువాత ఇంకో ఇద్దరు అడిగారు. చేపలు తెచ్చి ఉంటే ఆ పూట గిట్టుబాటయ్యేది.

నర్సయ్య వచ్చి మమ్మల్ని కాపాడాడు. సిరిసిల్ల దిక్కు మనిషి, ఒకప్పుడు బావ కింద పనిచేశాడు, ఇప్పుడు ఇబ్రాలో ప్లంబింగ్ పనులు చేసుకుంటున్నాడు. పక్క వీధిలోనే రూమ్. వదినె వచ్చేలోగా వంట చేద్దామని లాక్కుపోయాడు. అన్నం, మటన్, పచ్చిపులుసు. చింతపండు ఒమన్‌లో దొరుకుతుంది గాని ఆ పులుపు వేరని, తన చింతపండు మాత్రం ఇంటినుంచి వచ్చిందని ప్రత్యేకంగా చూపించాడు.

బావ వెల్లుల్లి ఒలుస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"నర్సయ్యా, ఊళ్ళె నీ పెండ్లాం ఒక్కతే ఎట్లుంటున్నదిరా?"

"ఉంటున్నదే అన్నా."

"ఉంటున్నదంటె కాదు. ఎట్ల ఉంటున్నది?"

నర్సయ్య ఉల్లిగడ్డ కోయడం ఆపాడు. "నేనెన్నడు అడగలే అన్నా. పైసలు ముట్టినయా అంట, ముట్టినయంటది. మంచిగున్నవా అంట, మంచిగున్ననంటది. గంతే." మళ్ళీ కత్తి అందుకుని, "ఎందుకన్నా?" అన్నాడు.

"ఊకెనే" అన్నాడు బావ.

పచ్చిపులుసు అద్భుతంగా ఉంది. నేను మూడుసార్లు వేసుకున్నాను.

మేం తిరిగి వెళ్ళేసరికి అక్క అంగడి అంచున ఇద్దరు ఒమనీ ఆడవాళ్ళతో నిలబడి ఉంది. వాళ్ళకు పడవ చూపిస్తోంది. అక్క అరబ్బీలో గలగల మాట్లాడుతుంటే వాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. బావకు వచ్చిన అరబ్బీ సైట్‌కు సరిపోయేంత. యల్లా, ఖలాస్, మాఫీ ముష్కిల్. అంటే పద, అయిపోయింది, పర్వాలేదు. ఈ మూడు మాటలతో ఆయన బిల్డింగులు లేపాడు. కానీ అక్క చెప్పే ముచ్చట ఆయనకు అందలేదు.

"ఏమంటున్నదిరా?" అని నన్ను అడిగాడు.

నేను మెట్‌పల్లి నుంచి వచ్చి వారం కాలేదు. అంత నమ్మకంతో అడిగేసరికి పడవ గురించే అని చెప్పాను.

సూర్: కొబ్బరికాయ

సూర్ ఊళ్ళోకి సముద్రం పాయలా చొచ్చుకొస్తుంది. ఒడ్డున ఇప్పటికీ చెక్కతో పెద్ద పడవలు కడతారు. పాయ పక్కన చిన్న పడవలు కట్టుకునే చోటు చూసుకునేది సలీం అనే పెద్దాయన. పడవల రిపేరు ఆయన వృత్తి. హిందీ బాగా వచ్చు.

ముందు కహ్వా పోశాడు. పాలు లేని కాఫీ, చిన్న గిన్నెలో రెండు గుటకలు, పక్కన ఖర్జూరాలు. నేను తాగి గిన్నె కింద పెట్టాను. మళ్ళీ పోశాడు. మర్యాదకు తాగాను. మళ్ళీ పోశాడు. మన ఇళ్ళల్లో చాలంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాం. నేను గిన్నె మీద చెయ్యి పెడితే వేళ్ళ సందులోంచి పోయబోయాడు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఆడించాలట. అక్కకు తెలుసు. నా గుండె దడదడలాడాక చెప్పింది.

మరునాడు పొద్దున పడవను నీళ్ళలో దింపుదామనుకున్నాం. బావ అడ్డం పడ్డాడు. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టకుండా రోడ్డెక్కిస్తామా అన్నాడు. ఆయనకు పడవ వద్దు, కానీ పూజ లేకుండా దిగడం అంతకంటే వద్దు. కేరళ వాళ్ళ దుకాణంలో కాయ దొరికింది. పసుపూ కుంకుమా అక్క సంచిలోనే ఉన్నాయి. నిపుణుణ్ణి కనుక కొట్టే పని నాకిచ్చారు.

నేల మీద కొట్టాల్సింది. నేను పడవ మూతి మీద కొట్టాను. పెద్ద ఓడలకు మూతి మీదే కొడతారని ఎక్కడో విన్నాను. ఆ ఓడలు ఇనుముతో చేస్తారని అప్పుడు గుర్తు రాలేదు. మాది ఫైబర్.

కాయ పగల్లేదు. పడవ పగిలింది. మూతి దగ్గర జానెడు చీలిక.

సలీం వచ్చి చీలిక చూశాడు, కాయ తీసుకుని చెవి దగ్గర ఊపాడు. "నారియల్ అచ్ఛా హై" అని తిరిగి నా చేతిలో పెట్టాడు. అక్క కొంగుతో చీలిక మీది పసుపు తుడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. బావ మాత్రం చాలా రోజుల తరువాత హాయిగా నవ్వాడు. "అగో, అపశకునం" అన్నాడు.

"అపశకునం గాదు, శంకర్ గాడు" అంది అక్క.

సలీం ఏదో గుడ్డ, ఏదో జిగురు వేసి అతికాడు. ఎండకు మధ్యాహ్నానికల్లా గట్టిపడింది. ఇంకో కొబ్బరికాయ కొట్టబోమని మాట మాత్రం తీసుకున్నాడు.

పడవ దిగింది. బావ ఎక్కనన్నాడు. ఒడ్డున చూసుకునేవాడు ఒకడుండాలని నేనూ ఎక్కలేదు. సలీంను పక్కన కూర్చోబెట్టుకుని అక్క ఇంజన్ స్టార్ట్ చేసింది. ఒమనీ ఆమె కొడుకులు ముందే నేర్పారట. ఒక చుట్టు తిరిగి వచ్చి సలీంను దింపేసింది. ఈసారి ఒక్కతే వెళ్ళింది. చీర కొంగు నడుముకు బిగించుకుని, కళ్ళద్దాలు తలమీదికి నెట్టుకుని, నిలబడే నడిపింది. పాయ దాటి బయటి నీళ్ళలోకి పోయింది. పడవ చిన్నదై, తెల్లటి గీత మిగిలింది.

బావ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"మీ అక్క ఇంటికి రాదురా" అన్నాడు.

నేను ఏమైనా అని ఉండాల్సింది. టికెట్ డబ్బులకైనా న్యాయం చేయాల్సింది. నేనూ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను.

అక్క వచ్చింది. ముఖమంతా ఉప్పునీళ్ళు, నవ్వు. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకున్న రోజు అలా నవ్వడం చూశాను. బావ తాడు అందుకుని, "జాగ బాగనే ఉన్నది. ఈడనే తీసుకో" అన్నాడు. నేను విన్నది నిజమేనా అనుకున్నాను.

"బాగున్నది గని దూరం" అంది అక్క తల తుడుచుకుంటూ. "ప్రతి శుక్రవారం గింత దూరం నేనొక్కదాన్నే బండి నడుపుకుంట ఎట్లొస్త?"

అన్న మాట తనకే వినపడినట్టు లేదు. బావకు వినపడింది. నాకు వినపడింది.

ఖురియాత్: హాస్టల్

సూర్ నుంచి సముద్రం వెంట పైకి వస్తే ఖురియాత్. అల్ అమెరాత్‌కు గంట లోపు దారి. చేపల రేవు పక్కన చిన్న పడవలకు కొంత చోటు విడిగా ఉంది. ఎండుచేపల వాసన, గోల చేసే కొంగలు, తువ్వాలు తలకు చుట్టుకున్న జాలరులు. మస్కట్ మరీనాకున్న మెరుపు లేదు. కిరాయి మామూలు మనుషులు ఇవ్వగలిగేంత ఉంది. చూసుకునే ఒమనీ కుర్రాడికి హిందీ రాదు, ఇంగ్లీషు కొంచెం. అందుకని బావ అడిగిందల్లా అక్క అరబ్బీలో అడిగింది.

ఈసారి బావ దిక్సూచి తియ్యలేదు. తాడు కట్టే ఇనుప కొక్కాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. చెక్క బాట మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. ఎక్కడ పలక వదులుగా ఉందో కాలితో తొక్కి చూశాడు.

"లైట్లు ఎప్పటిదాంక ఉంటయో అడుగు."

అక్క అడిగింది. తెల్లార్లూ ఉంటాయట.

"వాచ్‌మన్ ఉంటడా, ఎప్పుడు పోతడు?"

అక్క అడిగింది. ఇద్దరున్నారు, మారుతూ ఉంటారట.

"ఇంజన్ మధ్యల ఆగిపోతె ఎవలకు ఫోన్ చెయ్యాలె? పిలిస్తె వస్తరా?"

అక్క అడిగింది. వస్తారట.

నాకు ఈ ప్రశ్నలు ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఇప్పుడు పెళ్ళై వెళ్ళిపోయిన వాళ్ళ బిడ్డను కరీంనగర్‌లో హాస్టల్‌లో వేసినప్పుడు వార్డెన్‌ను బావ ఇవే అడిగాడు. అప్పుడు కూడా కిటికీ ఊచలు పట్టుకుని ఊపి చూశాడు.

"ఆడిమనిషి ఒక్కతే వస్తె, పోతె, ఈడ ఎవలన్న ఏమన్న అంటరా? అడుగు."

అక్క అడగలేదు. కుర్రాడు ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాడు.

"గిది నేనెట్ల అడుగుత?" అంది.

"అడుగు."

"ఒక్కదాన్నే వస్తనని నేనన్ననా?"

"సూర్ల అన్నవ్."

"నోరు జారిన. నేను రానన్న గని, నిన్ను పొమ్మన్ననా? ఎన్నడన్న అన్ననా?"

"అనలే" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "నాకు ఈడ డ్యూటీ తప్ప ఏం రాదు సుగుణా. డ్యూటీ అయిపోయింది. పొద్దుగాల లేసి ఏం జెయ్యాలె నేను? నువ్వు సముద్రం మీదికి పోతె ఒడ్డుమీద కూసుండాల్నా? నా ఇల్లు ఆడున్నది. నీ దుకాణం ఈడున్నది. అడుగు, ఆ పిల్లగాడు నిలబడ్డడు."

నాకు ఏడుపొచ్చింది. నీళ్ళ వైపు తిరిగి పడవలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

అక్క అడిగింది. ఆమె అరబ్బీ మొదటిసారి తడబడింది. కుర్రాడు తాపీగా చెప్పాడు. ఎవరూ ఏమీ అనరట. తన మేనత్తకు కూడా ఇక్కడే పడవ ఉందట, ఆమెను చూస్తే రేవులో వాళ్ళందరికీ భయమట.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పురా. డ్యామ్ మీద చేసినోనివి."

బావ కూడా నా వైపే చూశాడు.

"బాగున్నది" అన్నాను. ఆ ప్రయాణంలో నేనిచ్చిన సలహా అదొక్కటే. బావ తల ఊపాడు.

ఏడాదికి తీసుకున్నారు. పడవను దింపి బావే తాడు కట్టాడు. సైట్‌లో పరంజా కర్రలకు వేసే ముడి వేశాడు. ఒకసారి లాగి చూసి, మళ్ళీ విప్పి, ఇంకోసారి కట్టాడు. అక్క పక్కనే నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ చూసింది. తరువాత ముగ్గురం రేవు దగ్గర వేయించిన చేపలు తిన్నాం. ముళ్ళు తీసి బావ అక్క ప్లేట్లో వేశాడు. ఆయన అలా వేయడం నేను అంతకుముందు చూడలేదు.

మెట్‌పల్లి

బావ ఎండాకాలం మొదట్లో వచ్చేశాడు. కొత్త ఇంట్లో ఉంటున్నాడు. అన్నం తనే వండుకుంటాడు, కూరలు అంతంతమాత్రం. శుక్రవారం పొద్దున అక్క వీడియో కాల్ చేస్తుంది. వెనక నీళ్ళు కనిపిస్తాయి. తిన్నవా అని ఆమె అడుగుతుంది, తిన్న అంటాడు. మంచిగున్నవా అని ఈయన అడుగుతాడు. ఆమె మంచిగున్న అన్నాక ఫోన్ పెట్టెయ్యడు. మంచిగ అంటె ఎట్ల, చెప్పు అంటాడు. తరువాత చాలాసేపు మాట్లాడుకుంటారు. అప్పుడు నేను లేచి బయటికి వస్తాను.

మా వాడలో ప్రతి రెండో ఇంట్లో మగవాడు గల్ఫ్‌లో ఉంటాడు, ఆడమనిషి ఇంట్లో ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళు మీ ఆయన ఎప్పుడొస్తడమ్మా అని ఆమెను అడుగుతారు. అందరూ చెప్పే జవాబు ఒకటే ఉంది. మొన్న బావ గేటు దగ్గర నిలబడి ఉంటే ఎదురింటామె అడిగింది.

"మీ ఆమె ఎప్పుడొస్తదే మల్లేశన్నా?"

"లీవు దొరకాలె గదమ్మా" అన్నాడు బావ.

ఆమె భర్త దుబాయ్‌లో ఉంటాడు, అడిగితే ఆమె చెప్పే జవాబూ అదే. లోపలికి వెళ్ళి గిన్నెలో కూర తెచ్చి ఆయన చేతికిచ్చింది.